కందిపప్పు అరకిలో

అందరూ మైకు ముందు నిలబడి "చెక్, చెక్" అంటారు.
లిడియా గుణమణి మాత్రం
"కందిపప్పు అరకిలో, చింతపండు పావు,
ఎండుమిరపకాయలు, గుంటూరువి వద్దు, బ్యాడిగవి...
ఓబులేసూ, వినబడుతోందా?" అనేది.

వినబడేది.
రెసిడెన్సీ రోడ్డులో ఆ హోటలు నేలమాళిగలో
గ్లాసులు తుడిచే కుర్రాడికి కూడా వినబడేది.
చింతపండు దగ్గర గొంతు కాస్త కిందికి దిగేది.
అక్కడే నేను బేస్ సరిచేసుకునేవాణ్ణి.
ఇరవై రెండేళ్లు, శుక్రవారం, శనివారం,
ఆమె ఇంటి సరుకుల మీదే నా చెవి కుదిరింది.

పాటల్లో ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది కాదు.
కదిరి నుంచి వచ్చినవాణ్ణి,
భజనలకు యాంప్లిఫయర్లు మోసినవాణ్ణి.
"సోల్ అంటే ఏందక్కా?" అని ఒకసారి అడిగితే
వైరు చుట్టుకుంటున్న నా చేతి వైపు చూస్తూ
"మా నాయన దగ్గు నువ్వు వినలేదు గదా" అంది.
కోలారు గనిలో ఇరవై ఎనిమిదేళ్లు
రాతిపొడి పీల్చిన మనిషి.
"రాత్రి రెండింటికి మొదలయ్యేది.
ఒక దగ్గుకీ ఇంకో దగ్గుకీ నడుమ
ఇల్లంతా ఊపిరి బిగబట్టేది.
ఆ సందులో పాడతా నేను."
అని నవ్వేసి, "ఆటో పిలువు, పోదాం" అంది.

ఆ రోజు నుంచి
ఆమె మాట ఆపిన చోట
ఫేడరు మీది నుంచి చెయ్యి తీసేసేవాణ్ణి.

దేవతేం కాదు.
స్టీలు గ్లాసులో బ్రాందీ పోసుకుని మజ్జిగని చెప్పేది.
తాళం జారిన డ్రమ్మరు మీదికి
పాట ఆపకుండానే చెప్పు విసిరింది.
కొత్త మేనేజరు వచ్చి
వాయిద్యాలన్నీ పెన్ డ్రైవులో ఉన్నాయి,
ఇక సగం డబ్బులే అన్న రాత్రి
ఒక్క మాట కూడా అనలేదు.
ఆఖరి పాటని పదకొండు నిమిషాలు లాగింది,
బిల్లు పుస్తకంలో కార్డు పెట్టబోయినవాళ్లు
కార్డు పట్టుకుని అట్లాగే ఉండిపోయేదాకా.

జులైలో పోయింది.
మారికుప్పం ప్యాసింజరులో తమ్ముడొచ్చాడు, తడిసిన బూట్లతో.
కల్పల్లి సమాధుల తోటలో నేను వెనక నిలబడ్డాను.
పాస్టరుగారి చేతిమైకు కీచుమంటూ ఉంది.
ఉండబట్టలేక పోయి స్పీకరు పక్కకు తిప్పాను.
ఆమెకు చేసిన ఆఖరి పని అదే అనుకున్నాను.

పేపరువాళ్లు వచ్చి రికార్డింగులు ఉన్నాయా అని అడిగారు.
లేవన్నాను.
ఉన్నది ఒక క్యాసెట్టు. అందులో పాట లేదు.
ఎవరో కుర్చీ ఈడుస్తున్న చప్పుడు,
కందిపప్పు, చింతపండు,
ఒక తుమ్ము,
"వినబడుతోందా?"
అంతే. అది వాళ్లకెందుకు?

నిన్న కాక్స్ టౌనులో సంస్మరణ సభ.
పెద్ద ఫోటో, కింద పుట్టిన సంవత్సరం తప్పు.
ఆరేళ్లు తక్కువ. ఆమె చెప్పుకున్నదే.
నేను నోరు విప్పలేదు.

పాడటానికి ఒక పిల్ల వచ్చింది, ఇరవై ఉంటాయేమో.
"చెక్, చెక్" అంది. మంచి గొంతే.
నా చేతులకే ఏమీ తోచలేదు,
ఏ బటనెటు తిప్పాలో తెలియని కొత్తవాడిలా కూర్చున్నాను.
"అట్లా కాదమ్మా," అన్నాను చివరికి,
"ఇంట్లో ఏమేం అయిపోయినాయో చెప్పు."
తెల్లబోయింది. వెనక్కి తిరిగి గిటారబ్బాయిని చూసింది.
"...పాలు," అంది. "షాంపూ.
పిల్లికి తిండి."

పిల్లి దగ్గర గొంతు కిందికి దిగింది.
అక్కడ సరిచేశాను.